వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో డే కేర్ నడుపుతున్నాను. మార్చి వచ్చిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. ఏప్రిల్ మూడో వారానికి ఆ గొంతుల్లో కంగారు వినిపిస్తుంది. తల్లిదండ్రులు తరచూ అనే మాటల్లో ఏది ఎంతవరకు నిజమో చెప్తాను.

అపోహ: ఇద్దరం చెరి కొన్నాళ్ళు లీవు పెడితే గడిచిపోతుంది.

వాస్తవం: లెక్క వేయండి. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. అంటే 49 రోజులు. ఆదివారాలు తీసేస్తే 42. దుకాణాలు, సంస్థల చట్టం కింద ఏడాదికి వచ్చే ఆర్జిత సెలవు 15 రోజులు. ఇద్దరివీ కలిపినా 30 దాటవు. క్యాజువల్ లీవులూ ఇక్కడే వాడేస్తే దసరాకు, సంక్రాంతికి, పిల్లకు జ్వరం వచ్చిన రోజుకు ఏం మిగులుతాయి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు మొత్తానికి 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. ప్రైవేటు ఉద్యోగాల్లో చట్టం అలాంటిదేమీ ఇవ్వలేదు.

అపోహ: అమ్మమ్మ వాళ్ళ ఊరు పంపిస్తే సరి.

వాస్తవం: పిల్లలకు అంతకన్నా మంచి సెలవులు లేవని నేనూ నమ్ముతాను. కానీ ఏడు వారాలు ఏకబిగిన ఇద్దరు మనవళ్ళ వెంట తిరగడం మోకాళ్ళ నొప్పులున్న మనిషికి చిన్న పని కాదు. అడిగితే ఆవిడ కాదనదు, అందుకే ముందు మనమే ఆలోచించాలి. రెండు మూడు వారాలకు పంపండి, మధ్యలో ఒకసారి వెళ్ళి రండి. ఇంకో మాట, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళు కాస్త నడుం వాలుస్తారు. సరిగ్గా ఆ వేళకే పిల్లలు చెరువుకో, కాలువకో, బావికో బయల్దేరతారు. వేసవిలో నీళ్ళలో పడి పోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ రెండు గంటలు ఎవరు మెలకువగా ఉంటారో ఊరికి పంపకముందే మాట్లాడుకోండి.

అపోహ: సమ్మర్ క్యాంప్‌లో చేర్చాం, ఇక బెంగ లేదు.

వాస్తవం: క్యాంప్ ఉన్నది నేర్పడానికి. చాలావరకు ఎండ ముదరకముందే, పొద్దున రెండు మూడు గంటల్లో అయిపోతాయి. పన్నెండింటి నుంచి మీరు ఇల్లు చేరే ఏడింటి దాకా ఏర్పాటు వేరే ఉండాలి. ఫీజు కట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎన్నింటికి వదిలేస్తారని.

అపోహ: ఆఫీసులో క్రెష్ ఉండాలని చట్టం ఉందిగా.

వాస్తవం: ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 50 మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, తప్పనిసరి అయింది. అయితే కేంద్రం మార్గదర్శకాలు ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం. మూడో తరగతి పిల్ల అందులోకి రాదు. బడి పిల్లల సెలవుల గురించి ఆ చట్టం ఆలోచించలేదు, ఆలోచించాలి.

అపోహ: వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే చాలు.

వాస్తవం: మీటింగులో ఉన్న మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే. ఆ వేళల్లో పిల్లను చూసేందుకు ఇంకొకరు కావాలి. ఇక్కడ చాలా ఇళ్ళలో ఆ అడగడమూ అమ్మ వంతే అవుతోంది. నాన్న మేనేజర్ని ఎందుకు అడగకూడదు?

అపోహ: తెలిసినవాళ్ళే కదా, ఎవరొచ్చినా పిల్లను పంపేయొచ్చు.

వాస్తవం: సాయంత్రం ఫోన్ వస్తుంది, "మేడమ్, మా తమ్ముడు వస్తున్నాడు, పాపను పంపించండి" అని. చేరేటప్పుడు రాసిచ్చిన కాగితంలో ఆ పేరు, ఫొటో లేకపోతే మేం పంపం. అమ్మకో నాన్నకో మా దగ్గరున్న నంబరుకు మేమే తిరిగి ఫోన్ చేస్తాం. పాప "మామయ్యా" అని పరిగెత్తినా అంతే. కొందరికి కోపం వస్తుంది, ఫర్వాలేదు. మీరు చేర్చే చోట ఇలా అడగకపోతే మాత్రం ఆలోచించండి. సీట్లు మార్చి నెలాఖరుకే నిండిపోతాయి కాబట్టి ఫిబ్రవరిలోనే వెళ్ళి చూడండి. మధ్యాహ్నం రెండింటికి, చెప్పకుండా వెళ్తే ఇంకా మంచిది.