ఫ్లవర్‌హార్న్‌కి తోడని కొన్న చేప చెరువులోకి ఎలా చేరింది

చెరువుల్లో డెవిల్ ఫిష్ గొడవ మళ్లీ మొదలైంది. బొచ్చె, రోహు కోసం వేసిన వలల్లో ఒళ్లంతా గట్టి పెంకులు, రెక్కలకు ముళ్లు ఉన్న ఈ చేప చిక్కుకుంటోంది. విడదీయబోతే వల చిరుగుతుంది, చేతులు గీరుకుపోతాయి. తీరా తీశాక కొనేవాళ్లు ఉండరు. దీని అమ్మకాలు ఆపేయాలని మత్స్యకారులు అంటుంటే, చెరువులో పెరిగిన చేపతో మాకేం సంబంధమని అక్వేరియం వ్యాపారులు అంటున్నారు.

ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేప అనీ, నాచు తింటుందని తెచ్చి అద్దాల తొట్టెల్లో వేశారనీ చాలామందికి తెలుసు. అసలు మలుపు ఫ్లవర్‌హార్న్ అనే మరో అక్వేరియం చేపతో వచ్చింది.

1990లలో మలేషియాలో మధ్య అమెరికాకు చెందిన సిక్లిడ్ అనే చేపల జాతుల్ని సంకరం చేసి పుట్టించిన చేప ఇది. నుదుట పెద్ద బుడిపె, ఒంటి మీద నల్లమచ్చల వరుస. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో ఆసియా అంతా కొన్నారు. మన దగ్గర దానికి వాస్తు కూడా తోడైంది. కానీ అద్దంలో తన నీడ కనబడినా మీదికి ఉరికే చేప అది. తొట్టె కడగడానికి పెట్టిన చేతిని కూడా కొరుకుతుంది. దాన్ని ఒంటరిగా పెంచడమే పద్ధతి.

కొన్నవాళ్లకేమో నాలుగడుగుల తొట్టెలో ఒక్క చేపేనా అనిపిస్తుంది. "దీంతోపాటు ఇంకేం వేయొచ్చన్నా?" అని అడిగితే, "సక్కర్ వేసుకోండి, దాన్ని ఇదేం చేయలేదు" అంటారు దుకాణంలో. నా దృష్టిలో మొత్తం కథ తిరిగింది ఈ మాట దగ్గరే. జత చేపను ఎంచుకోవడానికి చూడాల్సినవి వేరే ఉన్నాయి. పూర్తిగా పెరిగాక ఎంతవుతుంది? పెద్దదాని నోట్లో పట్టేస్తుందా? తొట్టెలో ఏ ఎత్తున తిరుగుతుంది? రెండింటికీ సరిపడే నీళ్లు ఒకటేనా? ఆస్కార్ అనే పెద్ద చేపతో సిల్వర్ డాలర్ అనే చేపలను గుంపుగా వేసేది ఇవన్నీ చూసుకునే. రెండూ దక్షిణ అమెరికావే. బాగా ఎదిగిన డాలర్ ఆస్కార్ నోట్లో పట్టదు, పైగా చురుగ్గా తప్పుకుంటుంది, అడుగున ఆస్కార్ కాపలా కాసే మూలకు పోటీ రాదు. సక్కర్ దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ అడగకుండా, దెబ్బలు తట్టుకుంటుందా లేదా అన్నదే చూశారు.

తట్టుకుంటుంది, నిజమే. కొన్నప్పుడు రెండంగుళాల పిల్ల, పెరిగితే అడుగు దాటుతుంది. రాత్రి లైటు ఆపాక, కదలకుండా ఉన్న పెద్ద చేపకు అతుక్కుని ఒంటి మీది జిగురు పొర గీకడం దీనికి అలవాటవుతుంది. తెల్లారి చూస్తే ఫ్లవర్‌హార్న్ డొక్కన ఎర్రటి మచ్చలు. పిల్లగా ఉన్నప్పుడు పెద్ద చేప మింగబోతే ముళ్లు విప్పి గొంతులో ఇరుక్కుంటుంది, రెండూ చావొచ్చు. ఈ టెన్షన్ పడలేక, చంపడానికి మనసొప్పక, యజమాని దాన్ని బకెట్లో వేసుకుని దగ్గర్లోని చెరువుకు తీసుకెళ్తాడు. పుణ్యమనుకునే వదులుతాడు.

చెరువులో దానికి అడ్డే లేదు. గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, వాటికి మగది కాపలా ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. పెంకుల వల్ల మన చేపలు దాని జోలికి పోలేవు. నీళ్లలో మిగిలే డీఎన్‌ఏ జాడలు పట్టుకుని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో వెతికితే, చూసిన నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ చేప ఉన్నట్టు తేలింది.

వరదలకు రంగు చేపల ఫారాల నుంచి కూడా కొట్టుకొస్తాయనీ, చెరువుల్లో ఇప్పటికే వాటంతట అవే పెరుగుతున్నాయనీ వ్యాపారులు చెబుతారు. అదీ నిజమే. కానీ ఆ ఫారాలు నడిచేది కూడా ఈ అమ్మకాల మీదే. అమ్మకం ఆపితే చెరువులో ఉన్నవి పోవు, కొత్తవి చేరడం మాత్రం తగ్గుతుంది. వెంటనే ఆపలేకపోతే, అది ఎంత పెరుగుతుందో కొనేవాడికి చెప్పి, పెరిగాక తెచ్చిస్తే వెనక్కి తీసుకునే బాధ్యతైనా దుకాణాల మీద పెట్టాలి. ఇప్పుడైతే మత్స్యకారుడు చిరిగిన వలను తన డబ్బుతోనే బాగుచేయించుకుంటున్నాడు.