సర్కారు ఫైబర్ వచ్చిందని లైన్లు అమ్ముకోకండి: భారత్‌నెట్ మీద అపోహలు, వాస్తవాలు

పల్లెల్లో కేబుల్ ఆపరేటర్లకు ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ) లైసెన్సు కాగితాలు, నెట్‌వర్క్ పనులు చూసిపెట్టడం నా వృత్తి. ఊరూరా పంచాయతీ దాకా ఫైబర్ తీగతో ఇంటర్నెట్ తెచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్. దాని గురించి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే గోడు: "అన్నా, మా పంచాయతీ ఆఫీసులో గవర్నమెంట్ బాక్సు బిగించారు. ఇంక మనం మూసుకోవాల్సిందేనా?"

అపోహ: సర్కారు ఫైబర్ పడిన ఊళ్లో ఇంకెవరూ నెట్ ఇవ్వకూడదు.

వాస్తవం: ఎవరు పుట్టిస్తారో గానీ, జనాన్ని నిలువునా ముంచుతున్న మాట ఇదే. 2011లో ఈ పథకాన్ని ఎన్‌ఓఎఫ్‌ఎన్ (నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్) పేరుతో కేంద్రం ఆమోదించినప్పుడే దీని ఉద్దేశం స్పష్టం. సబ్సిడీతో వేసిన ఫైబర్‌ను లైసెన్సున్న సర్వీసు ప్రొవైడర్లందరికీ వివక్ష లేకుండా అందుబాటులో ఉంచాలి. బ్యాండ్‌విడ్త్ కొనుక్కోవచ్చు, ఖాళీగా ఉన్న డార్క్ ఫైబర్‌ను అద్దెకు తీసుకోవచ్చు. 2015లో పేరు భారత్‌నెట్ అయింది కానీ ఈ సూత్రం మారలేదు. కాలువ సర్కారు తవ్వించింది, పొలంలోకి బోదె ఎవరిది వాళ్లు తీసుకోవాలి. ఆ బోదె తీసే పని, అంటే పంచాయతీ నుంచి ఇంటిదాకా లైను లాగి, తెగితే రాత్రిపూటైనా స్తంభమెక్కి కలిపే పని, ఊళ్లో ఆపరేటర్ కన్నా బాగా ఎవరు చేస్తారు?

కనిగిరి వైపు నాకు తెలిసిన ఒకాయన ఈ పుకారు విని బెంబేలెత్తిపోయాడు. పిల్లల ఫీజుల టెన్షన్ ఒకపక్క, "రేపోమాపో ఫ్రీ నెట్ వస్తుందట" అన్న మాట ఇంకోపక్క. వచ్చిన కాడికి చాలనుకుని లైన్లన్నీ పక్క మండలం ఆపరేటర్‌కు రాసిచ్చేశాడు. ఫ్రీ నెట్ రాలేదు. కొన్నవాడు మాత్రం రేటు పెంచాడు. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లకు ఆ ఊళ్లో ఇప్పుడు అతను తప్ప దిక్కు లేదు. పుకారు కూడా ఆ కొన్నవాడి వైపు నుంచే వచ్చిందని నా అనుమానం. రుజువు లేదు లెండి.

కాబట్టి భయపడి సంతకాలు పెట్టకండి. సొంత లైసెన్సు లేకపోతే, ఉన్న ఐఎస్‌పీకి ఫ్రాంచైజీగా చేయండి. సొంతంగా కావాలంటే దేశమంతటికీ ఏ, సర్కిల్‌కు (దాదాపు రాష్ట్రమంత టెలికాం ప్రాంతం) బి, ఒక ఎస్‌ఎస్‌ఏకు (దాదాపు జిల్లా అంత టెలికాం ప్రాంతం) సి కేటగిరీలు ఉన్నాయి; చిన్నవాళ్లకు సి చాలు. (రాష్ట్రం విడిపోయినా లైసెన్సు లెక్కలో రెండు రాష్ట్రాలదీ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఇది కూడా రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.) ఫైబర్ అద్దెకు అడిగేటప్పుడు నోటిమాటగా అడగొద్దు, రాతపూర్వకంగా అడగండి. "లేదు" అన్న జవాబూ కాగితం మీదే తీసుకోండి.

అయితే కాగితం మీద ఉన్న సమానత్వమంతా ఊళ్లో ఉందని నేను అనను. భారత్‌నెట్ రెండో దశ మన రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర సంస్థల చేతికే వచ్చింది. ఆంధ్రలో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది, తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కందకాలను వాడుకుంది. ఖర్చు తగ్గించే మంచి ఆలోచనలే. కానీ ఆంధ్రలో ఆ సంస్థే నెట్, టీవీ, ఫోన్ కలిపి 149 రూపాయలకని రిటైల్‌లోకి కూడా దిగింది. తీగ యజమానే దుకాణం కూడా తెరిస్తే పక్క దుకాణం వాడికి గుబులు ఉండదా? ఉంటుంది, దాన్ని నేను అపోహ అనను. అయినా అక్కడ కూడా ఇంటిదాకా లైను ఇచ్చింది లోకల్ ఆపరేటర్లే.

ఇక మిగతా అపోహలు.

"బాక్సు పెట్టారు కాబట్టి నెట్ వచ్చినట్టే." కాదు. పాత డిజైన్‌లో మండలం నుంచి పంచాయతీకి ఒకటే దారి. రోడ్డు పనిలో జేసీబీ తగిలితే ఆ ఊరు చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో రింగ్ పద్ధతి పెట్టింది ఇందుకే. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి వస్తుంది.

"ఇదంతా బడ్జెట్ సొమ్ము." అసలు వనరు టెలికాం కంపెనీల ఏజీఆర్‌పై (సవరించిన స్థూల ఆదాయంపై) 5 శాతం లెవీ. పల్లెలకూ టెలికాం అందించేందుకు పెట్టిన ఆ నిధిని యూఎస్ఓ ఫండ్ అనేవాళ్లం, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. కంపెనీలు దాన్ని ఎక్కడి నుంచి రాబట్టుకుంటాయో మీ రీచార్జి చూస్తే తెలుస్తుంది.

"ట్రాయ్‌కి రాస్తే మా లైను బాగుచేయిస్తారు." ట్రాయ్ టెలికాం నియంత్రణ సంస్థ, విడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ దగ్గర డాకెట్ (ఫిర్యాదు) నంబర్ తీసుకోండి, తేలకపోతే వాళ్ల అప్పీలు అధికారికి రాయండి.

"బ్రాడ్‌బ్యాండ్ సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి." భారత్‌నెట్ ఇంటివాళ్ల ఖాతాల్లో డబ్బు వేసే పథకం కాదు. ఆ లింకు మీద నొక్కకండి. పొరపాటున కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.