ఈ చిరాకు ఎవరు పెట్టారు?

పిల్లలూ,

గేము ఆడుతూ మీరు విసుక్కుంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "అంత చిరాకైతే ఆడటం మానెయ్." నాదీ ఆ పెద్దవాళ్ల వయసే. కానీ సాఫ్ట్‌వేర్ రాయడమే నా పని కాబట్టి ఆ మాట నేను అనలేను. గేములో కనిపించే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాశారు. బటన్ ఎక్కడుండాలి, చచ్చిపోతే మళ్లీ ఎక్కణ్ణుంచి మొదలవ్వాలి, కథ చెప్పే సీన్ని స్కిప్ చేయనివ్వాలా వద్దా, ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలే. అందుకని చిర్రెత్తుకొచ్చినప్పుడు ముందు మీ చేతుల్ని తిట్టుకోకండి. ఆ చిరాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకండి. కొంత పొరపాటున వస్తుంది. కొంత, తయారుచేసినవాళ్లు మన వైపు నుంచి ఆలోచించకపోవడం వల్ల వస్తుంది. కొంత మాత్రం డబ్బు కోసం కావాలనే పెడతారు. ఈ చివరిదంటే నాకు ఒళ్లుమంట. ఉత్తరం చాలావరకు దాని గురించే.

ముందు పొరపాటు సంగతి. జీటీఏ ఆన్‌లైన్ అని 2013లో వచ్చిన ఆట ఉంది. అది పెద్దవాళ్ల ఆట, మిమ్మల్ని ఆడమని చెప్పడం లేదు. కంప్యూటర్లో దాన్ని తెరిస్తే లోడ్ అవడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. జనం ఏళ్ల తరబడి భరించారు. నెట్ స్లో అనుకున్నవాళ్లు కొందరు, కంప్యూటర్ పాతబడింది అనుకున్నవాళ్లు కొందరు. 2021లో ఒక ప్రోగ్రామర్‌కి ఓపిక నశించింది. తన కంప్యూటర్లో ఆరు నిమిషాలు పడుతున్న ఆ లోడింగ్ లోపల ఏం జరుగుతోందో తవ్వి చూశాడు.

ఆట మొదలయ్యేటప్పుడు దాదాపు 10 ఎంబీల ఫైలు ఒకటి చదువుతోంది. ఆటలోని దుకాణంలో అమ్మే వస్తువుల జాబితా అది, సుమారు 63 వేల వస్తువులు. చదివే పద్ధతే తప్పు. పుస్తకంలో ఒక్కో మాట చదివే ముందు, అక్కణ్ణుంచి చివరి పేజీ దాకా ఎన్ని అక్షరాలు మిగిలాయో వేలు పెట్టి లెక్కపెట్టి, అప్పుడు ఆ ఒక్క మాట చదివి, తర్వాతి మాటకు మళ్లీ లెక్క మొదలుపెడితే ఎలా ఉంటుంది? ఆ ప్రోగ్రామ్ అదే చేస్తోంది. అది చాలదన్నట్టు, కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ అంతకుముందు వచ్చినవన్నీ తిరగేసి, ఇది వాటిలో లేదు కదా అని చూస్తోంది. ఈ రెండూ సరిచేస్తే అతని లోడింగ్ రెండు నిమిషాల లోపుకు దిగింది. కంపెనీ నిజమేనని ఒప్పుకుని, ఆటలో సరిచేసి, అతనికి 10 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది.

చూశారా, అన్నేళ్లూ తప్పు ఆడేవాళ్ల నెట్‌లో లేదు. వాళ్లు అంతసేపు కాచుకుని కూర్చున్నది ఒక దుకాణం సరుకుల పట్టీ చదవడం కోసం.

లోడింగ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత సీడీ ఆటల్లో లోడింగ్ నిజంగానే తప్పేది కాదు, డిస్కు మెల్లగా తిరిగేది. జపాన్‌లోని నామ్‌కో కంపెనీ మొదటి ప్లేస్టేషన్‌కి చేసిన రిడ్జ్ రేసర్‌లో ఆ ఖాళీలో ఆడుకోవడానికి గెలాక్సియన్ అనే చిన్న ఆట పెట్టింది. ఎంత చక్కటి ఆలోచన! కానీ దానికి పేటెంట్, అంటే తన అనుమతి లేకుండా ఇంకెవరూ వాడకూడదన్న హక్కు, కూడా తీసుకుంది. ఆ పేటెంట్ గడువు 2015 దాకా ఉంది. అంత మంచి ఉపాయం అందరిదీ కావాల్సింది. అన్నాళ్లు ఒక బీరువాలో పడి ఉండటం నాకు ఇప్పటికీ బాధే.

ఇక మన వైపు నుంచి ఆలోచించకపోవడం. దీనికి 1998లో నింటెండో తెచ్చిన జెల్డా ఆట, ఒకరినా ఆఫ్ టైమ్, కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. అది నిజంగా గొప్ప ఆట. అందులో నీటి గుడి అని ఒక చోటు ఉంటుంది. నీళ్ల అడుక్కి దిగాలంటే ఇనుప బూట్లు వేసుకోవాలి, పైకి తేలాలంటే విప్పాలి. వేసుకోవాలంటే ఆట ఆపాలి, మెనూ తెరవాలి, పేజీ మార్చాలి, బూట్లు ఎంచుకోవాలి, మెనూ మూయాలి. హీరో మునుగుతాడు. రెండడుగులు వేయగానే పైకి రావాలి. మళ్లీ ఆపు, మెనూ, పేజీ, బూట్లు, మూయి. గుడి అంతా ఇదే వరస. అక్కడి పజిల్ బుర్రకు పదునుపెట్టేదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బూట్ల తంతుతోనే తలప్రాణం తోకకొచ్చేది. ఆ గుడిని రూపొందించిన ఐజీ అవునుమా తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆ బూట్ల గురించి ఆటగాళ్లకు క్షమాపణ చెప్పాడు. 2011లో అదే ఆట నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ 3డీఎస్‌లో మళ్లీ వచ్చినప్పుడు బూట్లను బటన్‌కి పెట్టుకునేలా మార్చారు. నీటి గుడి తెలివి ఏమీ తగ్గలేదు, తంతు ఒక్కటే పోయింది. ఆటలో కష్టం వేరు, తంతు వేరు అన్న మాట అక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇలాంటి తంతులు మీకు బోలెడు తెలుసు. ఎవరినో కాపాడుతూ గమ్యం దాకా తీసుకెళ్లమంటారు. ఆ మనిషి మీ నడక కంటే వేగంగా, మీ పరుగు కంటే మెల్లగా కదులుతాడు. మీరు నడిస్తే వెనకబడతారు, పరిగెడితే దాటేస్తారు. పైగా శత్రువుల తుపాకులకు ఎదురెళ్లి నిలబడతాడు. బాస్‌తో పోరాటంలో ఓడిన ప్రతిసారీ అదే సీను మొదటి నుంచి చూడాలి, స్కిప్ ఉండదు. ఫోన్ స్క్రీన్ మీద చీమ తలకాయంత అక్షరాలు, పెద్దవి చేసుకునే వీలుండదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని పిల్లలు మన మధ్యే ఉన్నారు. శత్రువు ఎరుపు, స్నేహితుడు ఆకుపచ్చ అని రంగు ఒక్కటే గుర్తుగా పెడితే వాళ్లు ఎలా ఆడాలి? గుర్తుకు ఆకారం కూడా మార్చితే సరిపోతుంది. అంత చిన్న పని చేయకపోవడం నా దృష్టిలో నిర్లక్ష్యమే.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం.

ఆటలో ప్రాణాలు, అవే మీ లైఫులు, పుట్టింది నాణెం వేసి ఆడే మెషీన్ల దగ్గర. మూడు ప్రాణాలు అయిపోతే గేమ్ ఓవర్, ఇంకో నాణెం వెయ్యాలి. ఎక్కువసేపు ఒకడే ఆడుతూ కూర్చుంటే మెషీన్ యజమానికి గిట్టదు, అందుకే ఆటలు అంత కఠినంగా ఉండేవి. తర్వాత టీవీకి తగిలించి క్యాసెట్లు పెట్టుకుని ఇంట్లో ఆడే రోజులొచ్చినా ఆ కాఠిన్యం అలాగే మిగిలిపోయింది. మీ నాన్నలనో మామయ్యలనో కాంట్రా అనే ఆట గురించి అడగండి. మూడు ప్రాణాలతో దాన్ని ముగించినవాళ్లు అరుదు. పైకి పైకి కిందికి కిందికి అంటూ బటన్లు వరసగా నొక్కితే ముప్ఫై ప్రాణాలొచ్చే చిట్కా మాత్రం చాలామందికి ఇంకా నోటికొచ్చి ఉంటుంది. ఆ వరసను మొదట పెట్టింది గ్రేడియస్ అనే ఆటలో. దాన్ని ఇంటి మెషీన్‌కి తయారుచేస్తున్న కజుహిసా హషిమోటోకి తన ఆటను తానే పరీక్షించి చూసుకోవడం కష్టమైంది, అందుకని రాసుకున్నాడు. తయారుచేసినవాడికే దాటడం కష్టమైన ఆట అది! మీరు ఒక లెవెల్ దాటలేకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాణేలు పోయాయి, ప్రాణాలు మాత్రం ఫోన్లోకి తిరిగొచ్చాయి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా చూడండి. అయిదు ప్రాణాలుంటాయి. లెవెల్ ఓడితే ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట. అయిదూ నిండాలంటే రెండున్నర గంటలు. ఈ అరగంటలో మీ ఫోన్ చేసే పని ఏమీ లేదు. ఏదీ లోడ్ అవడం లేదు, ఏ డిస్కూ తిరగడం లేదు. ఆ గడియారాన్ని ఎవరో కూర్చుని, లెక్కవేసి పెట్టారు. కాచుకో, లేదా స్నేహితుల్ని అడుగు, లేదా డబ్బు కట్టు. పైనుంచి ఏ రంగు మిఠాయి పడుతుందో మీ చేతిలో ఉండదు, కాబట్టి బాగా ఆడినా ఓడిపోవచ్చు. ఇంకొక్క ఎత్తు ఉంటే గెలిచేవాణ్ని అనిపించే క్షణంలోనే కొనమని అడుగుతుంది. జీటీఏ లోడింగ్‌లో కంపెనీకి తెలియకుండా ఆలస్యం జరిగింది. ఇక్కడ ఆలస్యమే సరుకు.

డబ్బును నేరుగా రూపాయల్లో చెప్పకపోవడం రెండో పని. జెమ్స్, డైమండ్లు, కాయిన్లు అంటారు. ఒక స్కిన్, అంటే మీ పాత్రకు వేసే కొత్త వేషం, 1200 డైమండ్లు అనుకోండి. ప్యాకులు 1000, 2000 మాత్రమే ఉంటాయి. 2000 కొంటే 800 మిగులుతాయి. ఆ 800కి మీకు నచ్చింది ఏదీ రాదు, కాబట్టి ఇంకో టాపప్. అసలు స్కిన్‌కి ఎన్ని రూపాయలు పెట్టామో లెక్క తేలదు, తేలకూడదనే ఆ ఏర్పాటు. ఏదైనా కొనే ముందు కాగితం మీద రూపాయల్లోకి మార్చి రాసి చూడండి. చాలాసార్లు అక్కడే కోరిక చల్లారుతుంది.

ఫోర్ట్‌నైట్ సంగతి మరీ ఘోరం. అమెరికాలో వినియోగదారుల తరఫున పనిచేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద చేసిన ఆరోపణలు చదవండి. బటన్ల అమరిక ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండేది. నిద్రలోకి వెళ్లిన ఆటను లేపుదామని నొక్కితే కొనుగోలు అయిపోయేది. లోడింగ్ స్క్రీన్ మీద ఉన్నప్పుడూ అయిపోయేది. బొమ్మ ఎలా ఉందో చూద్దామని నొక్కబోయి పక్క బటన్ నొక్కినా డబ్బు పోయేది. పది లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చినా పట్టించుకోలేదని, బ్యాంకుకు చెప్పి డబ్బు వెనక్కి అడిగినవాళ్ల అకౌంట్లు మూసేసిందని కమిషన్ చెప్పింది. 2022 డిసెంబరులో ఎపిక్ ఈ విషయం మీద 24.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పొరపాటున కొన్న పిల్లల్లో ఎంతమంది ఇంట్లో తిట్లు తిన్నారో! "చూసుకుని నొక్కద్దూ" అని అనే ఉంటారు. ఆ బటన్ అక్కడ పెట్టినవాళ్లను ఎవరూ అనలేదు.

అదృష్టం పెట్టెలు, మీరు లూట్ బాక్స్ అనేవి, ఇదే కోవలోవి. లోపల ఏముందో చెప్పకుండా డబ్బు తీసుకుంటారు. గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో అరుదైన అయిదు నక్షత్రాల పాత్ర ఒకసారి అదృష్టం పరీక్షించుకుంటే వచ్చే అవకాశం 0.6 శాతం, అంటే వెయ్యికి ఆరు. 90వ సారికి తప్పకుండా వస్తుందన్న హామీ ఉందనుకోండి, కానీ ఆ తొంభై దాకా వెళ్లేలోపు ఎంత ఖర్చవుతుందో ఆలోచించండి. 2017లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 ఆటను పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకు డార్త్ వేడర్ అనే పాత్ర కావాలంటే ఆటలోని డబ్బు 60 వేల క్రెడిట్లు కూడబెట్టాల్సి వచ్చింది. ఆడి సంపాదించాలంటే నలభై గంటలని ఒక ఆటగాడు లెక్కవేశాడు. లేదంటే డబ్బుపెట్టి పెట్టెలు కొనుక్కోవాలి. జనం ఎంత గట్టిగా తిరగబడ్డారంటే, ఆ ఆటను తెచ్చిన ఈఏ కంపెనీ ఆ ధరను 15 వేలకు దించింది, విడుదల ముందురోజు డబ్బుతో కొనే ఏర్పాటే ఆపేసింది. మరుసటి ఏడాది బెల్జియం ప్రభుత్వం డబ్బుపెట్టి కొనే ఇలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది. ఆ మాట సరైనదని నా నమ్మకం.

ఇంత చదివాక కష్టమైన ఆటలన్నీ మోసమే అనుకోకండి. 2018లో వచ్చిన సెలెస్ట్ ఆడి చూడండి. కొండ ఎక్కే అమ్మాయి కథ. ఒక్కో గదిలో పదుల సార్లు చచ్చిపోతారు, అయినా విసుగు రాదు. ఎందుకు? చచ్చిన మరుక్షణం అదే గది మొదట్లో నిలబడతారు. గేమ్ ఓవర్ లేదు, ప్రాణాల లెక్క లేదు, కాచుకోవడం లేదు. ఇంకో చిన్న దయ ఉంది. మీరు అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా, సెకనులో చిన్న ముక్క పాటు, జంప్ నొక్కితే ఆట ఒప్పుకుంటుంది. మన వేలు కంటికంటే కొంచెం ఆలస్యమని తయారుచేసినవాళ్లకు తెలుసు. ఇంకా కష్టమైతే ఆట వేగం తగ్గించుకోవచ్చు, దెబ్బ తగలకుండా కూడా చేసుకోవచ్చు. ఎవరూ ఎగతాళి చేయరు. ఆడేవాడి మీద ప్రేమ ఉన్న ఆట ఇలా ఉంటుంది.

మీకు చిరాకొచ్చిన చోటును ఊరికే వదిలేయకండి. ముందు సెట్టింగ్స్ వెతకండి. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, బటన్లు మార్చుకోవడం చాలాసార్లు అక్కడే దాగి ఉంటుంది. దొరక్కపోతే కంపెనీకి రాయండి. "చెత్త గేము" అని ఒక్క నక్షత్రం ఇస్తే వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఏ లెవెల్, ఏ స్క్రీన్, ఏం నొక్కితే ఏం జరిగింది, అది రాయండి. తెలియకుండా డబ్బు పోతే భయపడి దాచకండి, ఆ రోజే అమ్మకో నాన్నకో చెప్పండి. స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఇలా మభ్యపెట్టే డిజైన్ల మీద మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మోసపు పద్ధతుల పేర్లు ఉన్నాయి. లేని తొందర పెట్టడం, పదేపదే అడిగి విసిగించడం, ప్రకటనను ప్రకటనలా కనిపించనివ్వకపోవడం అందులోవే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. పెద్దవాళ్ల చేత ఫోన్ చేయించండి.

జవాబు రాసేటప్పుడు మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ విసిగించిన ఆట పేరు, అది ఏ చోటో రాయండి. దాన్ని మీరైతే ఎలా మారుస్తారో బొమ్మ గీసి పంపితే మరీ సంతోషం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న