పెద్దయ్యాక పుస్తకాలు చూసి బొమ్మలు నేర్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఆదివారాలు పెద్దవాళ్ళకి డ్రాయింగ్ చెప్తుంటాను. బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు కాస్త పెద్దయ్యి ఊపిరాడుతున్న అమ్మలు, రిటైరైన టీచర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఇలా అందరూ వస్తారు. దాదాపు ప్రతి ఒక్కరి ఇంట్లో ఒక డ్రాయింగ్ పుస్తకం ఉంటుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నదో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నదో, మొదటి కొన్ని పేజీలు నలిగి మిగతాదంతా కొత్తగా ఉంటుంది. పుస్తకాలతో డ్రాయింగ్ రాదండీ అని వాళ్ళే తేల్చేసి వస్తారు. వస్తుందండీ. కాకపోతే ఆ పుస్తకాలు చదవడానికి రాసినవి కావు, పక్కన కాగితం పెట్టుకుని చేయడానికి రాసినవి, ఆ చేయడం మొదలవ్వకుండానే ఆపేసే నమ్మకాలు మనవాళ్ళలో బాగా పేరుకుపోయాయి. నేను తరచూ వినేవి రాస్తున్నాను.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా, చిన్నప్పుడు రాకపోతే ఇంక రాదు

"మాస్టారూ, నాకు నలభై ఐదొచ్చాయి, ఇప్పుడేం వస్తుంది చెప్పండి" అని అడుగుతారు. డచ్ పెయింటర్ వాన్ గో సంగతి చూడండి. 1880లో బొమ్మలే నా పని అని నిర్ణయించుకునేసరికి ఆయనకి 27 ఏళ్ళు, అప్పటికే పెయింటింగులమ్మే కంపెనీలో ఉద్యోగం, టీచరు పని, మత ప్రచారం అన్నీ చేసి చూశాడు. బెల్జియంలో బొగ్గుగనుల ప్రాంతంలో ఉంటూ షార్ల్ బార్గ్ డ్రాయింగ్ కోర్సు ప్లేట్లు, అంటే చూసి దించడానికి అచ్చేసిన బొమ్మల కాగితాలు, తెప్పించుకుని వాటిని వరసగా దించాడు, అయిపోయాక మళ్ళీ దించాడు, చనిపోయిన ఏడాది 1890లో కూడా అవే ప్లేట్లు మళ్ళీ ముందేసుకున్నాడు. అంటే ఇంత పేరున్న మనిషి పెద్దయ్యాక, అచ్చు కోర్సు పక్కన పెట్టుకుని నేర్చుకున్నవాడే. మన ఠాగూర్ అయితే రాతప్రతుల్లో కొట్టివేతల్ని బొమ్మలుగా మారుస్తూ మారుస్తూ అరవై దాటాక పూర్తిగా అందులో పడ్డారు, 1930లో పారిస్‌లో ఎగ్జిబిషన్ జరిగింది.

అసలు జరిగేదేంటంటే మనలో చాలామంది పది పన్నెండేళ్ళ వయసులో బొమ్మలు ఆపేస్తాం. నలభై ఐదులో మళ్ళీ పెన్సిల్ పడితే ఆపేసిన చోటు నుంచే మొదలవుతుంది, పదేళ్ళ పిల్లాడి బొమ్మ వస్తుంది, అది చూసి సిగ్గేసి కాగితం మడిచేస్తారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పైగా పిల్లలకి లేనిది పెద్దవాళ్ళకి ఒకటుంది, విసుగొచ్చే ఎక్సర్‌సైజుని ఎందుకు చేయాలో అర్థం చేసుకుని అరగంట కుదురుగా కూర్చోగలరు.

అపోహ: చేతిలో కళ ఉండాలి

ముగ్గు వేసే ఆవిడని చూడండి. వాకిట్లో వంగి భుజం నుంచి చెయ్యి కదిలిస్తూ ఇంత పొడుగు గీత తడబడకుండా లాగేస్తారు, పిండి మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో పడుతుంది, ఆవిడే క్లాసులో కూర్చుని నాకు గీత గీయడం రాదండీ అంటారు. చెయ్యి బ్రహ్మాండంగా ఉందండీ. అలవాటు కావాల్సింది చూపు.

దీనికి నేను ఒక స్టీలు గ్లాసు టేబుల్ మీద పెట్టి గీయమంటాను. దాదాపు అందరూ మూతిని రెండు చివరలా మొనదేలేలా వేస్తారు, అడుగుని మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా గీసేస్తారు. ఎందుకంటే గ్లాసు అడుగు చదునుగా ఉంటుందని, ఒరగకుండా నిలబడుతుందని వాళ్ళకి తెలుసు. తెలిసింది గీశారు, కనపడింది గీయలేదు. ఇప్పుడు అదే గ్లాసు చేత్తో పట్టుకుని మూతి అంచు సరిగ్గా కంటికి ఎదురుగా వచ్చేదాకా లేపి ఒక కన్ను మూయండి, మూతి మొత్తం ఒక్క అడ్డగీత అయిపోతుంది. గ్లాసు ఒరగకుండా మెల్లగా కిందకి దించుతూ పోండి, ఆ గీత తెరుచుకుంటుంది, అడ్డంగా కొలత పెద్దగా మారదు గానీ నిలువుగా పెరుగుతూ పోతుంది. కంటి ఎత్తు నుంచి ఎంత కిందకి వెళ్తే అంత గుండ్రంగా అవుతుంది. మరి గ్లాసు అడుగు మూతి కంటే కిందుంది కదా, కాబట్టి అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువ ఉండాలి, అక్కడ తిన్నటి గీతకి చోటే లేదు. చివరల్లో మొన కూడా ఉండదు, ఎంత సన్నగా కనపడినా ఆ చివర మలుపు గుండ్రంగానే తిరుగుతుంది. ఇది ఒక్కసారి కళ్ళతో చూశాక రెండో గ్లాసు వేయమంటే ఆ మనిషే వేరే బొమ్మ వేస్తారు, మధ్యలో గడిచింది కాసేపు, ఆ కాసేపట్లో చేతిలోకి కళ ఎక్కడి నుంచో రాలేదు కదా.

ముఖం దగ్గర కూడా ఇదే కథ. కళ్ళు ఎక్కడుంటాయి అంటే చాలామంది తల పైభాగంలో పెట్టేస్తారు. ఎదురుగా తీసిన ఫోటో ఏదైనా తీసుకుని నడినెత్తి నుంచి గడ్డం దాకా స్కేలుతో కొలిచి చూడండి, కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి. నుదురు, జుట్టు మనకి ముఖ్యం కావు కాబట్టి మనసు వాటిని చిన్నవి చేసేస్తుంది.

అపోహ: బొమ్మలు గీయాలంటే రైట్ బ్రెయిన్ వాడాలి, నేను లెఫ్ట్ బ్రెయిన్ మనిషిని

ఇది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోట, అకౌంట్స్ వాళ్ళ నోట వింటాను. దీనికి మూలం 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ రాసిన 'డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్'. మూర్ఛ వ్యాధి తగ్గడానికి మెదడు రెండు సగాల మధ్య ఉండే నరాల కట్టను కోసేసిన పేషెంట్ల మీద రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనలు ఆవిడకి ఆధారం, స్పెర్రీకి 1981లో నోబెల్ కూడా వచ్చింది. ఆ పరిశోధనలు నిజమే, కానీ మామూలు మనుషుల్లో ఈ సగం లెక్కలకి ఆ సగం బొమ్మలకి అని అంత తేలిగ్గా విడదీయడం కుదరదు, బొమ్మ గీస్తున్నప్పుడు మెదడు రెండు వైపులా పనిచేస్తుంది. కాబట్టి నేను ఫలానా బ్రెయిన్ మనిషిని అనే మాట పక్కన పెట్టేయండి.

అలాగని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టకండి, బిగినర్‌కి ఏదైనా ఒక్కటే చెప్పమంటే నేను ఇప్పటికీ అదే చెప్తాను. అందులో థియరీ ఎలా ఉన్నా ఎక్సర్‌సైజులు పనిచేస్తాయి. పికాసో వేసిన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ బొమ్మని తలకిందులుగా పెట్టి దించమంటుంది. తలకిందులుగా ఉంటే అది చెయ్యి, ఇది కళ్ళజోడు అని పేరు పెట్టడం కష్టమవుతుంది, పేరు పోతే మనసులో ఉన్న రెడీమేడ్ చెయ్యి, రెడీమేడ్ కన్ను కూడా పోతాయి, ఇంక మిగిలేది ఈ గీత ఎటు ఒరిగింది, పక్క గీతకి ఎంత దూరంలో ఉంది అన్నదే. ఇంట్లో పాత చందమామ ఉంటే అందులో గీతలతో వేసిన బొమ్మ ఏదైనా తిరగేసి పెట్టుకుని ప్రయత్నించండి. పై నుంచి మొదలుపెట్టి ఒక గీత తర్వాత ఆనుకుని ఉన్న గీతకి పోతూ ఉండండి, ముందు మొత్తం ఔట్‌లైన్ వేసేసి తర్వాత లోపల నింపుదాం అనుకోవద్దు, పూర్తయ్యేదాకా కాగితం సరిగ్గా తిప్పి చూడొద్దు. తిప్పాక క్లాసులో ఎవరో ఒకరు ఇది నేనే వేశానా అని అనకుండా ఉండరు.

ఆ పుస్తకంలో ఇంకో మంచి పద్ధతి, ఏమీ నేర్చుకోకముందే మీ ముఖం అద్దంలో చూసి ఒకటి, మీ చెయ్యి ఒకటి వేసి డేట్ రాసి దాచిపెట్టమంటుంది. చాలామంది ఇది దాటేస్తారు. దాటకండి, కొన్ని నెలల తర్వాత ఏం మారిందో చూపించేవి ఆ రెండు కాగితాలే.

అపోహ: పుస్తకంలో ఉన్న బొమ్మలన్నీ దించేస్తే డ్రాయింగ్ వచ్చేస్తుంది

బొమ్మల పుస్తకమే కదా అని మ్యాటర్ చదవకుండా బొమ్మలు మాత్రం చూసే అలవాటు చాలామందికి ఉంది, ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఇంకా ఎక్కువ. దానివల్ల ఎంత నష్టమో కాంటూర్ డ్రాయింగ్ దగ్గర తెలుస్తుంది. న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠం చెప్పిన కిమోన్ నికొలాయిడెస్ పుస్తకం ఆయన పోయాక 1941లో వచ్చింది, అందులో మొదటి ఎక్సర్‌సైజే ఇది. కళ్ళు వస్తువు అంచు మీద మెల్లగా కదులుతుంటే పెన్సిల్ కూడా అదే వేగంతో కదలాలి, పెన్సిల్ మొన ఆ వస్తువునే తాకుతోందని నమ్మాలి, కాగితం వైపు చూడకూడదు. ఇలా వేస్తే బొమ్మ వంకరటింకరగా వస్తుంది, రావాలి కూడా, ఎందుకంటే అక్కడ తయారయ్యేది చూపు. మ్యాటర్ చదవనివాళ్ళు పుస్తకంలో అచ్చేసిన ఆ వంకర బొమ్మని చూసి, రబ్బరు పెట్టి చెరిపి చెరిపి అచ్చం అలాగే దించి తీసుకొస్తారు. కష్టమంతా పడ్డారు, ఎక్సర్‌సైజ్ మాత్రం జరగలేదు. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో పిల్లలతో ఆ ఒక్క పేరా చదివించుకోండి, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకోండి, కానీ బొమ్మ కింద ఏం రాసి ఉందో తెలుసుకోకుండా పెన్సిల్ పెట్టకండి.

మొదటి స్టెప్‌లో రెండు సున్నాలు, నాలుగో స్టెప్‌లో పూర్తి గుర్రం ఉండే చిన్న చిన్న పుస్తకాలు ఉంటాయి చూశారా, అవి నాకు నచ్చవు. ఆ గుర్రం ఒక్కటే వస్తుంది, అదీ ఆ యాంగిల్‌లోనే.

అపోహ: ఎన్ని పుస్తకాలు కొంటే అంత త్వరగా వస్తుంది

డ్రాయింగ్ పుస్తకాలు ముఖ్యంగా రెండు దారుల్లో ఉంటాయి. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చూసి వేయడం నేర్పేవి కొన్ని, ఎడ్వర్డ్స్, నికొలాయిడెస్ ఆ దారి. ఇంకో దారి అమెరికాలో పత్రికలకి బొమ్మలేసిన ఆండ్రూ లూమిస్‌ది, తలని ఒక బంతిగా మొదలుపెట్టి పక్కలు కోసి దవడ అతికించి కట్టుకుంటూ వస్తాడు, 1939లో వచ్చిన 'ఫన్ విత్ ఎ పెన్సిల్' నుంచి ఆయనది ఇదే పద్ధతి, ఆయన పుస్తకాలు చాలాకాలం అచ్చులో లేక 2011 నుంచి మళ్ళీ దొరుకుతున్నాయి. కామిక్స్, కథల బొమ్మలు, ఎదురుగా మోడల్ లేకుండా ఊహించి వేయాలనుకునేవాళ్ళకి లూమిస్ తప్పనిసరి. రెండూ మంచివే. కానీ ఒకటి మీకు తెలిసిన ఆకారాలన్నీ మర్చిపోయి చూడమంటుంది, ఇంకోటి ఆకారం ముందే తెలుసుకుని కట్టమంటుంది, బిగినర్ ఈ వారం అది వచ్చే వారం ఇది చేస్తే బుర్ర తిరిగిపోతుంది. ముందు చూసి వేయడం కొన్ని నెలలు చేసి తర్వాత లూమిస్ దగ్గరికి వెళ్ళమని నా సలహా, ఎందుకంటే చూడటం రాకుండా బంతితో మొదలుపెట్టినవాళ్ళ ముఖాలన్నీ ఒకేలా వస్తుంటాయి, ఎవరిని వేసినా అదే ముఖం.

అపోహ: కొలవడం, గ్రిడ్ (గళ్ళు) వేయడం, ఫ్రేమ్ వాడటం మోసం

చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్ మీద బొటనవేలితో కొలిచే పద్ధతి సినిమాల్లో పెయింటర్లు చేస్తుంటారే, అది స్టైల్ కోసం కాదు, నిజంగానే పనికొచ్చేది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో వేసిన పుస్తకంలోనే గాజు పలక మీద, దారాల సాయంతో బొమ్మ దించే యంత్రాల బొమ్మలున్నాయి. వాన్ గో 1882లో ఒక ఫ్రేమ్ చేయించుకుని దాంట్లోంచి చూసి వేసేవాడు, ఆ సంగతి తమ్ముడికి ఉత్తరాల్లో రాశాడు. మీరు కూడా కిటికీ అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, తల కదపకుండా, ఎదురింటి గోడ అంచుల్ని వైట్‌బోర్డ్ మార్కర్‌తో అద్దం మీదే గీయండి. మీ కంటి ఎత్తుకి పైన ఉండి మీ నుంచి దూరంగా పోయే అంచులు కిందకి, కింద ఉన్నవి పైకి వంగుతూ వెళ్ళడం మీ చేత్తో మీరే చూస్తారు. పెర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు ఎలా కనపడతాయో చెప్పే చాప్టర్ అర్థం కాక పుస్తకం మూసేసినవాళ్ళకి ఇది చేయించాక ఆ చాప్టర్ సాఫీగా సాగుతుంది.

ట్రేసింగ్ విషయంలో నా మాట ఒకటే. బొమ్మ వేసేశాక ఎక్కడ తేడా వచ్చిందో చూడటానికి పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి పోల్చుకోండి. ముందే ట్రేస్ చేసి షేడింగ్ నింపితే ఫోటోకి లైకులొస్తాయి, చూపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: ముందు మంచి సామాను కొనాలి

ఒక హెచ్‌బీ పెన్సిల్, దానికంటే మెత్తగా నల్లగా పడే 4బీ ఒకటి, రబ్బరు, జిరాక్స్ పేపర్లు, ఎగ్జామ్ అట్ట. ఊళ్ళో బుక్ షాపులో దొరికే అప్సరానో నటరాజో చాలు, రెండూ ఒకే కంపెనీవి. పన్నెండు గ్రేడుల డబ్బా ఇప్పుడే వద్దు. పెన్సిల్‌ని బ్లేడుతో ముల్లు కొంచెం పొడుగ్గా బయటికి వచ్చేలా చెక్కుకోండి, పక్కకి వాల్చి పట్టుకుంటే వెడల్పు గీత కూడా వస్తుంది.

అపోహ: యూట్యూబ్ ఉండగా పుస్తకాలెందుకు

పెన్సిల్ ఎలా పట్టుకోవాలి, భుజం ఎలా కదలాలి, ఇవి వీడియోలోనే బాగా తెలుస్తాయి, చూడండి. కానీ వీడియోలో వేగం వాళ్ళది, మీరు వాళ్ళ చెయ్యి వెనక పరిగెడుతుంటారు, ఎదురుగా ఉన్న గ్లాసుని చూసే టైం ఎక్కడిది. పుస్తకం తెరిచిన పేజీలోనే మీకోసం ఆగి ఉంటుంది.

అపోహ: రోజూ గంటలు గంటలు కూర్చోలేకపోతే మొదలుపెట్టడం దండగ

నికొలాయిడెస్ పుస్తకం చూసి భయపడి ఈ మాట అంటారు, అందులో ఒక్కో షెడ్యూల్‌కి పదిహేను గంటలు, రోజుకి మూడు గంటల లెక్కన రాసుంటుంది. అది ఆర్ట్ స్కూల్ పిల్లల టైంటేబుల్. ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్ళు అదే ఎక్సర్‌సైజుని రోజూ ఇరవై నిమిషాలు చేసుకోవచ్చు, షెడ్యూల్ నెలన్నర పడితే పడుతుంది, రెండు నెలలు పట్టినా ఎవరూ అడగరు. జెస్చర్ డ్రాయింగ్‌కి అయితే కూర్చునే పని కూడా లేదు, బస్టాండ్‌లో నిలబడ్డ మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చూసి అర నిమిషంలో నాలుగు గీతలు వేసి ఆపేయాలి, అతను కదిలితే పక్కనున్న ఇంకొకరిని వేయండి, ముఖం వద్దు, వేళ్ళు వద్దు. కాంటూర్ మాత్రం నిదానంగా చేయాల్సిందే, ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ సైలెంట్‌లో పెట్టి వేరే గదిలో పెట్టేయండి. సబ్జెక్ట్ ఏం వేయాలి అని వెతుక్కోవద్దు, మీ ఎడమ చెయ్యి ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్ళకి కుడి చెయ్యి.