గోధుమ ముద్దలో రైలు పెట్టెలు

ఖప్లి గోధుమల్లో గ్లూటెన్ ఉండదని చెప్పి అమ్ముతున్నారు, నమ్మవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. నమ్మవద్దు. ఖప్లి అంటే ఎమ్మర్ జాతి గోధుమ. ఉత్తర కర్ణాటకలో, మహారాష్ట్రలో తరతరాలుగా పండిస్తున్నారు. అందులో గ్లూటెన్ ఉంది. అసలు గ్లూటెన్ లేని గోధుమ అంటూ ఏదీ లేదు, ఆధునికమైనా ఆదిమమైనా. నిజానికి ఐన్‌కార్న్, ఎమ్మర్ వంటి పాత గోధుమల్లో ప్రోటీన్ శాతం చాలాసార్లు మామూలు గోధుమ కన్నా ఎక్కువే ఉంటుంది. పాతకాలపు గింజలన్నీ అమృతమని, హరిత విప్లవం తరువాత వచ్చినవన్నీ విషమని ఒక కొత్త మూఢనమ్మకం మన మధ్య పెరుగుతోంది. అమావాస్య నాడు ప్రయాణం చేయకూడదనే వారిని చూసి నవ్వేవాళ్లు కూడా దీన్ని ఎంతో భక్తిగా నమ్ముతున్నారు.

అయితే ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే చాలా ఆసక్తికరమైన సంగతులు బయటపడతాయి: ఖప్లిలో ఉన్నది ఏ గ్లూటెన్?

గోధుమ పాలతో హల్వా చేసేవారికి గ్లూటెన్ కొత్త కాదు. నానబెట్టిన గోధుమలు రుబ్బి, పిసికి, పాలు పిండుకున్నాక పొట్టుతో పాటు చేతిలో మిగిలే సాగుడు ముద్ద అదే. ఇటలీలోని బొలోన్యాలో బెకారీ అనే శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో చేసిందీ ఇంతే: పిండి ముద్దను నీటిలో కడిగి, గంజి పోయాక మిగిలినదాన్ని పరిశీలించాడు. మన బడుల్లో మాత్రం నేటికీ ‘గ్లూటెన్ ఒక ప్రోటీన్’ అని ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తారు. అది ఒక ప్రోటీన్ కాదు, పెద్ద గుంపు. ఒకే గోధుమ రకంలో పదుల సంఖ్యలో గ్లూటెన్ ప్రోటీన్లు ఉంటాయి. రకం మారితే ఆ జాబితా మారుతుంది. అడవి బంధువుల దగ్గరికి వెళితే గుర్తుపట్టలేనంతగా మారుతుంది.

ఈ గుంపులో రెండు వర్గాలు: గ్లూటెనిన్లు, గ్లయాడిన్లు. వాటి తేడా తెలియాలంటే రైలు పెట్టెలను ఊహించుకోండి. ప్రతి ప్రోటీన్ గొలుసూ ఒక పెట్టె. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఆ పెట్టెకున్న కొక్కెం. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. రెండు సిస్టీన్లు ఎదురైతే వాటి గంధకాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దాన్నే డైసల్ఫైడ్ బంధం అంటారు. ఇక మిగతా కథ అంతా ఏ పెట్టెకు ఎన్ని కొక్కేలు, ఎటువైపు ఉన్నాయన్నదే.

ఆల్ఫా గ్లయాడిన్‌కు సాధారణంగా ఆరు కొక్కేలుంటాయి. కానీ ఆరూ లోపలివైపే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, పక్క పెట్టెకు అందవు. ఒమేగా గ్లయాడిన్‌కైతే కొక్కేలే లేవు. అందుకే గ్లయాడిన్లు విడివిడి పెట్టెలుగా మిగిలిపోయి, ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతూ పిండికి సాగే గుణం ఇస్తాయి. గ్లూటెనిన్లు అలా కాదు. వాటిలో బరువైన వర్గం ఒకటుంది. మొత్తం గ్లూటెన్‌లో అది సుమారు పదో వంతే అయినా పెత్తనమంతా దానిదే. అందులో ‘ఎక్స్’ రకం ప్రోటీన్‌కు మామూలుగా నాలుగు కొక్కేలు. ముందువైపు మూడింటిలో రెండు తమలో తాము ముడిపడగా ఒకటి మిగులుతుంది. వెనకవైపు ఇంకొకటి. ముందొకటి, వెనకొకటి ఉంటే రైలు తయారైనట్టే. ఇలా పెట్టె వెనక పెట్టె తగులుకుని, అణుభారం కోట్లలోకి చేరే మహా గొలుసులు ఏర్పడతాయి. పిండిని లాగి వదిలితే వెనక్కి ముడుచుకునేది వీటివల్లనే.

ఇప్పుడొక గ్లయాడిన్ జన్యువులో మార్పు వచ్చి, ఆరు కొక్కేల్లో ఒకటి పోయిందనుకోండి. ఐదు మిగిలాయి. నాలుగు జతలు కట్టాయి, ఒకటి ఒంటరి. ఆ ఒంటరి కొక్కేనికి రైలు చివరి పెట్టె దొరికితే పట్టేసుకుంటుంది. కానీ దాని వెనక మరొకటి తగులుకోవడానికి కొక్కెం లేదు. రైలు అక్కడితో ఆగిపోతుంది. గోధుమలో నిజంగానే ఇలాంటి గొలుసు ముగించే ప్రోటీన్లు ఉన్నాయి. అవి ఎక్కువైతే పిండి బలహీనపడుతుంది. కొక్కేల లెక్క బేసి సంఖ్య అయితే ఒకచోట రైలు ఆగిపోతుంది. మరోచోట ఇంకేదో జరుగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రెండోదే.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పీటర్ పెయిన్ బృందం 1970ల చివరినుంచి వందలాది గోధుమ రకాల్లోని ఈ బరువైన గ్లూటెనిన్లను జెల్ మీద విద్యుత్తుతో పరుగెత్తించి, ఏ చార ఎక్కడ ఆగిందో చూసి అంకెలు వేసింది. 1983లో వచ్చిన ఆ పట్టిక నేటికీ ప్రమాణమే. అందులో 5+10 అనే జంట ఉన్న గోధుమల పిండి గట్టిది, రొట్టె బాగా పొంగుతుంది. దానికి బదులు 2+12 ఉంటే పిండి మెత్తన. రెండు జంటలూ ఒకే చోట, 1డి క్రోమోజోము పొడుగు చేతిమీద (నడుముకు ఒకవైపున్న భాగాన్ని చేయి అంటారు), ఒకదానికి బదులు మరొకటిగా కూర్చునేవే. తరువాత జన్యువు చదివితే తెలిసింది: 5వ నంబరు ప్రోటీన్‌లో సెరీన్ అనే వేరే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట సిస్టీన్ ఉంది. అంటే ఐదో కొక్కెం! ముందు, వెనక కాకుండా పక్కన కూడా ఇంకో పెట్టెను తగిలించుకునే వీలు. ఇక్కడ పట్టాలను వదిలేయక తప్పదు, ఎందుకంటే ఈ రైలు కొమ్మలు వేస్తుంది. కొమ్మలున్న అల్లిక సాగినా తెగదు. కార్బన్ డయాక్సైడ్ బుడగలను పట్టి ఉంచుతుంది. ఘనత అంతా ఈ ఒక్క కొక్కేనిదేనా, జంటలోని 10వ నంబరుకు కూడా వాటా ఉందా అనే వాదన ఉంది. రెండు జన్యువులూ పక్కపక్కనే ఉండి విడిపోకుండా వారసత్వంగా వస్తాయి కనుక విడదీసి పరీక్షించడం కష్టం.

మరి ఈ 5+10 ఎక్కడినుంచి వచ్చింది? రొట్టె గోధుమలో ఏ, బి, డి అని మూడు జీనోములు, అంటే మూడు పూర్తి జన్యు సమూహాలు, ఉన్నాయి. డి జీనోము ఏజిలాప్స్ టౌషై అనే అడవి గడ్డిది. సుమారు పదివేల ఏళ్ల క్రితం, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, ఎమ్మర్ వంటి గోధుమ పొలంలో ఆ గడ్డి కలిసింది. కలిసిన మొక్కలు కొన్నే. గడ్డిలో ఉన్న వైవిధ్యంలో చిటికెడు మాత్రమే గోధుమలోకి వచ్చింది. 2021లో అచ్చయిన ఒక పరిశోధనలో 273 టౌషై నమూనాల జన్యుక్రమం చదివారు. మన గోధుమల్లో ఈ జంట కూర్చునే చోట ప్రధానంగా కనిపించేవి రెండే కూర్పులు. అడవి గడ్డిలో 45 దొరికాయి! ఇంకా విచిత్రం ఏమిటంటే, 2+12 కాస్పియన్ వైపు వంశంనుంచి రాగా, 5+10 మాత్రం జార్జియా దేశంలో మాత్రమే పెరిగే వేరే వంశంనుంచి వచ్చింది. అంటే డి జీనోము ఒకే కానుకగా రాలేదు. ఒకటి కంటే ఎక్కువ వంశాలు అందులో చేయి కలిపాయి. ఈనాడు రొట్టెల కర్మాగారాలు కోరుకునే గుణం కాకసస్ కొండల్లోని కలుపు గడ్డి ఇచ్చినది.

ఇంత వైవిధ్యం ఎందుకు? గ్లూటెన్ గింజలో ఏ పనీ చేయదు కనుక. అది మొలకకు దాచిపెట్టిన నత్రజని నిల్వ మాత్రమే. ఎంజైము ఆకారం కాస్త చెడితే మొక్క చస్తుంది. నిల్వ ప్రోటీన్ ఎలా వంకరపోయినా మొలకకు అభ్యంతరం లేదు, అరిగితే చాలు. అందుకే ఈ జన్యువులు ఇష్టారాజ్యంగా మారతాయి, రెట్టింపవుతాయి, చచ్చిపోతాయి కూడా. చావడం వీటికి మరీ తేలిక. గ్లయాడిన్లో మూడో వంతుకు పైగా గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. డిఎన్‌ఏలో దాని మూడక్షరాల సంకేతాలు సిఏఏ, సిఏజి. మొదటి అక్షరం సి కాస్తా టి అయితే అవి టిఏఏ, టిఏజి అవుతాయి, అంటే ‘ఇక ఆపు’ అని. సి టి గా మారడం డిఎన్‌ఏలో అతి సాధారణమైన పొరపాటు. చైనీస్ స్ప్రింగ్ అనే ప్రామాణిక గోధుమలో 47 ఆల్ఫా గ్లయాడిన్ జన్యువులుంటే, పూర్తి ప్రోటీన్ ఇవ్వగలిగినవి 26 మాత్రమే. ‘ఏ’ అనే జీనోములో ‘ఎక్స్’కు జంటగా ఉండే ‘వై’ రకం గ్లూటెనిన్ జన్యువు కూడా రొట్టె గోధుమలో మూగబోయింది. కానీ అడవి ఎమ్మర్‌లోను, ట్రిటికం ఉరార్టు అనే అడవి గోధుమలోను దాని బతికి ఉన్న రూపాలు దొరుకుతాయి.

గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి దగ్గర ఈ వైవిధ్యం ప్రాణసంకటమవుతుంది. 2002లో ఒక ఆల్ఫా గ్లయాడిన్‌లో 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి గుర్తించారు. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం దట్టంగా ఉండడంతో మన జీర్ణ ఎంజైములు దాన్ని కోయలేవు. రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే సంకేతాలు అందులో ఒకదానిమీద ఒకటి ఆరున్నాయి. ఆ ముక్క డి జీనోము జన్యువుల్లో ఉంది. ఖప్లికి డి జీనోము లేదు, కనుక ఆ ముక్కా లేదు. ప్రచారం చేసేవారు ఇంతవరకే చదివి ఆగిపోతారు. ‘ఏ’ అనే జీనోము గ్లయాడిన్లలో కూడా వ్యాధిని ప్రేరేపించే వేరే ముక్కలున్నాయి. సీలియాక్ ఉన్నవారికి ఖప్లి, బన్సీ రవ్వ, ఐన్‌కార్న్, అన్నీ నిషిద్ధమే. ఆ జబ్బుకు దారితీసే హెచ్‌ఎల్‌ఏ అనే రోగనిరోధక జన్యువులు దక్షిణాదిలోనూ చాలామందికి ఉన్నాయి. జబ్బు మాత్రం ఉత్తరాది కన్నా ఎంతో తక్కువ. మనం గోధుమ తక్కువ తినడం అందుకు ఒక ముఖ్య కారణమని భావిస్తున్నారు. బియ్యం మాని మూడు పూటలా చపాతీలకు మారుతున్న ఇళ్లలో ఈ సంగతి వైద్యులు గుర్తుంచుకోవాలి.

అందరికీ 5+10 అక్కరలేదు. బిస్కెట్టుకు మెత్తని పిండి కావాలి, కొమ్మల రైలు దానికి శత్రువు. మన దేశపు పాత రకం నాప్ హాల్‌లో 5+10 కూర్చునే చోటినుంచి రావలసిన రెండు ప్రోటీన్లూ లేవు. అందుకే బిస్కెట్టు గోధుమలు రూపొందించేవారికి అది పెన్నిధి. దీనికి భిన్నమైన కథ 1995లో విడుదలై ఉత్తర భారతాన్ని ఏలిన పిబిడబ్ల్యు 343 అనే గోధుమ రకానిది. తుప్పు తెగులును తట్టుకోవడానికి దాని 1బి క్రోమోజోము పొట్టి చేయి స్థానంలో రై ధాన్యపు చేయి ఉంది. తెగులు నిరోధం వచ్చింది. కానీ తేలికపాటి గ్లూటెనిన్ల జన్యువుల్లో కొన్ని ఆ పొట్టి చేతిమీదే ఉండేవి, అవి పోయాయి, బదులుగా రై ప్రోటీన్లు వచ్చి చేరాయి. ఇలాంటి మార్పిడి ఉన్న గోధుమల పిండి జిగటుగా, బలహీనంగా ఉంటుందని రొట్టెలు చేసేవారి పాత ఫిర్యాదు.

మిగిలిన నలభైకి పైగా టౌషై కూర్పులు రొట్టెకు ఏం చేస్తాయో తేల్చడం నెమ్మదైన పని. గడ్డిగింజలు పిండి పట్టి రొట్టె కాల్చి చూడలేము. మెక్సికోలోని సిమిట్ అనే అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన సంస్థ దశాబ్దాలుగా చేస్తున్నట్టు, డి జీనోము లేని డ్యూరం గోధుమను ఆ గడ్డితో మళ్లీ కలిపి, పుట్టిన పిండాన్ని చాలాసార్లు గాజు పాత్రలో పెంచి, కోల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములు రెట్టింపు చేసి, కృత్రిమ గోధుమ పుట్టించాలి. అది నూర్చడానికి మొండికేస్తుంది, గింజను ఊక అంత తేలికగా వదలదు. దాన్ని మంచి రకంతో మళ్లీ మళ్లీ సంకరం చేసి, కావలసిన జంట ఒక్కటే మిగిలేలా చూసి, అప్పుడు పిండి కలపాలి. ఒక్కో కూర్పుకు ఏళ్లు పడుతుంది.