పసుపు ముక్కు పిల్లలు

చిరంజీవులు అమ్ములుకి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మీ అక్క స్కాట్లండ్ నుంచి ఫోన్ చేసి "నేనిప్పుడు ఫ్రెషర్‌ని" అంటే, నిన్నగాక మొన్న ఇంటర్ అయిన పిల్లకి ఉద్యోగం ఏంటని నవ్వారట. హైదరాబాద్‌లో ఫ్రెషర్ అంటే రెజ్యూమె పట్టుకుని మొదటి ఉద్యోగం కోసం తిరిగేవాడు మరి! బ్రిటన్‌లో యూనివర్సిటీ మొదటి ఏడాది వాళ్లంతా ఫ్రెషర్లే. మన కాలేజీల ఫ్రెషర్స్ పార్టీలో ఉన్నదీ ఆ అర్థమే.

చేరగానే ఫ్రెషర్స్ వీక్ ఉంటుంది. క్లబ్బులవాళ్లు బల్లలేసుకుని, పెన్నులూ పిజ్జా ముక్కలూ పంచి పేర్లు రాయించుకుంటారు. అన్ని ఊళ్ల పిల్లలూ ఒక్క హాస్టల్లో చేరి నిద్ర మానేసి తిరిగితే ఏమవుతుంది? ముక్కు కారుతుంది, దగ్గు పట్టుకుంటుంది. దాన్ని ఫ్రెషర్స్ ఫ్లూ అంటారు. పేరుకే ఫ్లూ, చాలామందికి వచ్చేది మామూలు జలుబే.

అక్క చదివే సెయింట్ ఆండ్రూస్‌లో ఇంకా పాత మాట ఒకటుంది. 1413 నాటి పోప్ అనుమతిపత్రం ఉన్న యూనివర్సిటీ అది. అక్కడ మొదటి ఏడాది అబ్బాయి బీజంట్, అమ్మాయి బీజంటీన్. ఫ్రెంచిలో 'బెక్ జోన్', అంటే పసుపు ముక్కు, అందులోంచి వచ్చిందా మాట. మన మీటర్ బోర్డు వెనక పిచ్చుక పిల్లలు గుర్తున్నాయా? తల్లి రాగానే నోళ్లు తెరిచేవి, నోటి అంచులకి పసుపు రాసినట్టుండేది. పెద్దయ్యేసరికి ఆ రంగు పోయింది. రెండో ఏడాది వాళ్లు సెమీ-బీజంట్‌లట, సగం పసుపు ముక్కన్నమాట! ఇప్పుడైతే ఎక్కువగా వినిపించేది ఫ్రెషరే.

మా రోజుల్లో సీనియర్ ఎదురొస్తే తలెత్తకుండా మన చొక్కా మూడో గుండీకేసి చూస్తూ నిలబడాలి. ఆ భయం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సెయింట్ ఆండ్రూస్‌లో సీనియర్లే జూనియర్లని పిల్లలుగా దత్తత తీసుకుని అమ్మానాన్నలవుతారు. ఆ దత్తత తల్లిదండ్రులకి పిల్లలు పౌను ఎండుద్రాక్ష ఇచ్చుకోవడం పాత ఆనవాయితీ. బదులుగా లాటిన్‌లో రసీదు ఇస్తారు. అది కాగితం మీదే ఉండాలని లేదు, మోయలేని ఏ వింత వస్తువు మీదైనా రాసిచ్చి మోయిస్తారు! ఇదంతా అక్కడొక పండగ. ఆ పండగ సోమవారం పొద్దున మొదటి ఏడాది పిల్లలు నురగ చల్లుకుని తడిసి ముద్దవుతారు. ఈ మధ్య ద్రాక్షకి బదులు వైన్ సీసాలు ఇస్తున్నారట, అది నాకంతగా నచ్చలేదు.

ఆ పండగ అక్టోబరులో. పౌనంటే అరకిలోకి కాస్త తక్కువ. అక్కకి పంపే పార్సిల్లో కందిపొడితోపాటు కిస్మిస్ పొట్లం కూడా పెట్టమని అమ్మతో చెప్పండి.

మీ తాతయ్య