36 నంబరు రోడ్డు: గొడవంతా ప్రహరీ వెనక

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో రోడ్డు నంబరు 36 మీద ఎప్పుడు రభస రేగినా చర్చ పబ్బుల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కిటికీ అద్దాలు అదిరే పాటలు, గేటుకు అడ్డంగా వదిలేసిన కార్లు, అర్ధరాత్రి వీధిలో కేకలు. ఫిర్యాదుల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇవన్నీ తర్వాత వచ్చినవి. అసలు మలుపు 2007లో, సచివాలయంలో పడింది.

జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ పుట్టుక, బండరాళ్ల మధ్య వేసిన ప్లాట్లు, సినిమావాళ్ల రాక తెలిసిన కథే కనుక వదిలేద్దాం. 1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి అటు వెళ్లేవాళ్లకు 36 రహదారి అయిపోయింది. రోజంతా బళ్లు పోయే రోడ్డు మీద కాపురం ఉండటం కష్టం, ఇల్లు అద్దెకివ్వడం తేలిక. బంగళాలు ఆఫీసులయ్యాయి, షోరూములయ్యాయి, రెస్టారెంట్లయ్యాయి. ఇప్పుడు వ్యాపారాలను తిట్టిపోస్తున్న పేటలోనే ఆ అద్దెలు తీసుకున్న యజమానులూ ఉన్నారన్నది ఎవరూ పెద్దగా ఎత్తని మాట. ఇలాంటి మార్పును మొదట పసిగట్టేది టౌన్ ప్లానింగ్ విభాగం కాదు, కరెంటువాళ్లు. వాడకాన్ని బట్టి మీటరు కేటగిరీ మారుతుంది కాబట్టి, ప్లానులో ఇల్లుగా ఉన్న భవనానికి దుకాణం బిల్లు వస్తుంది.

2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. అక్టోబరులో ప్రభుత్వం నగరంలోని కొన్ని రోడ్లను వాణిజ్య రోడ్లుగా ప్రకటించింది, వాటిలో 36 ఒకటి. డిసెంబరు 31న అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం వచ్చింది. ఒకే ఏడాదిలో తప్పుకు ముందు పేరు మారింది, ఆ తర్వాత ధర కుదిరింది. జరిగిపోయినదాన్ని కూల్చలేం, ఫీజైనా వసూలు చేసి సౌకర్యాలు కల్పిద్దామన్నది అప్పటి వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది.

చిక్కంతా గీత గీసిన చోట ఉంది. వాణిజ్యం హోదా రోడ్డును ఆనుకున్న వరుసకే దక్కుతుంది. ఆ ప్రహరీకి అవతల వెనక వీధిలో ఉన్న ఇల్లు ఇల్లుగానే మిగిలింది. ముందువాళ్ల సెల్లారు పార్కింగు చాలక, వచ్చినవాళ్ల కార్లు తీసుకుని పార్క్ చేసిపెట్టే వాలెట్ కుర్రాళ్లు వాటిని తెచ్చి నిలిపేది ఆ వీధిలోనే. జనరేటరు పొగ, వంటగది గొట్టం, సరకు దింపే ఆటోలు, అన్నీ అటువైపే. సంపాదన రోడ్డు మొహాన, దాని చెత్త వీపున. ఆ వీధివాళ్లకు 2007లో ఎవరూ నోటీసు ఇచ్చి అభిప్రాయం అడిగినట్టు వారి మాటల్లో ఎక్కడా వినపడదు.

వ్యాపారుల మాట కూడా చెప్పాలి. లైసెన్సు తీసుకున్నాం, పన్ను కడుతున్నాం, రోడ్డును వాణిజ్యమని ప్రకటించింది మేమా అంటారు. చట్టం దృష్టిలో అది బలమైన మాటే.

ఆ తర్వాత 2019లో మెట్రో వచ్చింది, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన తెరుచుకుని వాహనాల తాకిడిని 45 నంబరు రోడ్డుకూ తెచ్చింది. 36లో నడిచిన కథే అక్కడా మొదలైంది. నివాసితులు కోర్టుకెక్కారు. 2022 సెప్టెంబరులో హైకోర్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పబ్బుల్లో సంగీతం వద్దని ఆదేశించింది.

అయినా ఇప్పటి తగువుకు మూలం 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. రాత్రివేళ వాణిజ్య ప్రాంతానికి పరిమితి 55 డెసిబెల్స్, నివాస ప్రాంతానికి 45. పబ్బు నిలబడ్డది మొదటి దానిలో, దాని గోడకు చెవి ఆనించి పడుకునే మనిషి ఉన్నది రెండో దానిలో. కొలిచే యంత్రాన్ని గోడకు ఏ వైపున పెట్టాలన్నదే ఇప్పుడు ఇరుపక్షాలూ తేల్చుకోవాల్సిన సంగతి.